గంధం పూసిన ఫోను

ఎక్కడైనా ఫోను మోగుతూ ఉండి, దాన్ని ఎవరూ ఎత్తకపోతే నేను కుదురుగా కూర్చోలేను. మొన్న కంటి డాక్టరు దగ్గర ఇదే జరిగింది. కళ్ళలో చుక్కలు వేసి, మూసుకుని కూర్చోమన్నారు. పక్క కుర్చీలో ఎవరో ఛార్జింగ్‌కి పెట్టిపోయిన ఫోను మోగడం మొదలుపెట్టింది. ఆగింది. మళ్ళీ మోగింది. కళ్ళు మూసుకునే "ఎవరిదమ్మా అది, ఎత్తండి" అని అరిచాను. ఒక పిల్ల "వదిలెయ్యండి ఆంటీ, ఏ లోన్ వాళ్ళో అయ్యుంటారు" అంది. వదిలెయ్యడమా! లేచి, గోడ తడుముకుంటూ పోయి, ఆ ఫోను మనిషిని వెతికి పట్టుకొచ్చేదాకా నాకు ప్రాణం నిలవలేదు. చుక్కలన్నీ కారిపోయాయని డాక్టరు చీవాట్లు పెట్టాడు. తిన్నాను. ఆయనకు ఏం తెలుసు నా బాధ?

మాది బంగారు గనుల ఊరు. గనులు సర్కారు చేతికి వచ్చి అప్పటికే చాలా ఏళ్ళయినా, మా అవ్వ నోట మాత్రం ఇంకా 'కంపెనీ' అనే వచ్చేది. బజారు వీధిలో ముందు గది నాయన అంగడి, వెనక ఇల్లు. అంగట్లో బియ్యం, రాగులు, కందిబేడలు, ఎండుమిరపకాయలు. బడి నుంచి వస్తే మొదట గోనెసంచుల వాసన, తర్వాత మిరపకాయల ఘాటు, దాన్ని దాటితే అమ్మ కాచే రాగి సంగటి వాసన. ఈ మూడూ దాటుకుంటే ఇల్లు వచ్చినట్టు లెక్క.

ఫోను కోసం నాయన అర్జీ పెట్టినప్పుడు నేనింకా బడిలో చేరలేదంట. కోలారు మండీలో ధరలు తెలుసుకోవడానికి అని ఆయన చెప్పేవాడు. నన్నడిగితే ఎదురంగడి జవుళిశెట్టి ఇంట్లో ఫోను ఉంది, మా ఇంట్లో లేదు, అదీ కారణం. చివరికి ఒక ఎండాకాలం పొద్దున లైన్‌మ్యాన్ ఒకాయన సైకిలుకి నిచ్చెన కట్టుకుని, భుజాన తీగచుట్ట వేసుకుని వచ్చాడు. వీధిలో పిల్లలమందరం ఆయన వెనకే. మా తమ్ముడైతే నిచ్చెన మొదటి మెట్టు ఎక్కి దిగనని మొండికేశాడు.

ఎక్కడ పెట్టాలన్నది పెద్ద తగువు. అంగట్లో పెడదామని నాయన. అంగట్లో ఎలుకలు, తీగ కొరికేస్తాయని లైన్‌మ్యాన్. మిరపకాయల దుమ్ముకి మాట్లాడేవాళ్ళకు తుమ్ములు తప్ప మాటలు రావని అమ్మ. పడసాలలోనైతే కాళ్ళకు తీగ అడ్డం తగిలి ఎవరో ఒకరు బోర్లాపడతారని అవ్వ.

"అవ్వ చెప్పేది కరెక్టు, స్వామీ" అన్నాడు లైన్‌మ్యాన్. అవ్వ పెట్టిన బొరుగులు, బెల్లం ఆయన నోట్లో ఉన్నాయి మరి. "తీగ నడిచే దావలో ఉండకూడదు. గోడ పొడుగునా పైనుంచి తెద్దాం. కిటికీకి దూరం, నీళ్ళ కడవకి దూరం."

అలా అంగడికీ ఇంటికీ మధ్య గోడలో ఉన్న గూట్లో నల్లటి ఫోను కూర్చుంది. కింద అమ్మ అల్లిన తెల్లటి ఊలు గుడ్డ. పక్కన పొడుగు స్టూలు. ఎత్తి చెవికి పెట్టుకుంటే లోపల తుమ్మెద తిరిగినట్టు ఒకటే రొద. తమ్ముడు ఆ రొద విని రిసీవరు వదిలేసి పరిగెత్తాడు. వీడి ధైర్యం నిచ్చెన దాకానే.

పిడుగు పడితే ఆ కరెంటు నేలలోకి పోవాలని పెరట్లో తులసికోట పక్క గొయ్యి తీసి, ఉప్పూ బొగ్గులూ పోసి, ఒక తీగ పాతిపెట్టాడు లైన్‌మ్యాన్. ఆ చోటు ఎప్పుడూ తడిగా ఉండాలన్నాడు. అవ్వ ఆ మాట పట్టుకుంది. రోజూ తులసమ్మకు ఒక చెంబు నీళ్ళు, ఫోను గుంతకు ఒక చెంబు. "యాడనో ఒక చోట నీళ్ళు పొయ్యాలంటాడు, ఇంగో చోట తడి తగలకూడదంటాడు. దీని మడి నా మడి కంటే కష్టం ఉండాది" అని సణుక్కునేది. కానీ ఒక్క పూట మరవలేదు.

ఆ సాయంత్రం నాయన మమ్మల్ని వరసగా నిలబెట్టి కట్టుబాట్లు చెప్పాడు. తడి చేత్తో ముట్టుకోకూడదు. తీగ పట్టి లాగకూడదు. ఉరుములు ఉరిమేటప్పుడు దాని దగ్గరికి పోకూడదు, మోగినా ఎత్తకూడదు. పొడి గుడ్డతో తప్ప తుడవకూడదు. రిసీవరు సరిగ్గా పెట్టకపోతే అవతలివాళ్ళకు లైను దొరకదు. మాట్లాడే చిల్లుల్లోకి ఏమీ పోకూడదు. ఎక్కాలు అప్పజెప్పినట్టు మా చేత అప్పజెప్పించుకున్నాడు. డయలుకు చిన్న ఇత్తడి తాళం కూడా వేశాడు, మేము నంబర్లు తిప్పకుండా. తాళం ఉన్నా రిసీవరు పెట్టే చోటి మీటను టకటక కొడితే నంబరు కలుస్తుందని నాకు పదిరోజుల్లో తెలిసిపోయింది. ఒక మధ్యాహ్నం అలా కొడితే ఎవరో మేస్త్రీ తగులుకుని అరవంలో నన్నూ, నన్ను కన్నవాళ్ళనూ కలిపి తిట్టాడు. నాకు సగమే అర్థమైంది. ఆ సగమే చాలు.

అవ్వ మాత్రం దాన్ని ముట్టేది కాదు. గుంతకు నీళ్ళు పోస్తుంది, పొడిగుడ్డ తెచ్చి ఇస్తుంది, మోగితే అందరికంటే ముందు "మోగుతా ఉండాది!" అని అరుస్తుంది. ఎత్తమంటే మాత్రం రెండు చేతులూ కొంగులో దాచుకునేది.

ఆ ఏడాదే మా చిన్నత్త పురిటికి మా ఇంటికి వచ్చింది. చిన్నత్త అంటే నాయన చెల్లెలు. ఆమె మొగుడు, మా మామ, వేమగల్ పక్క పల్లె నుంచి వచ్చినవాడు. గనిలో పంపుల దగ్గర పని. గని అడుగున ఊరే నీళ్ళను రాత్రీ పగలూ పైకి తోడుతుండాలి. ఆ పంపుల్ని చూసుకోవడమే ఆయన ఉద్యోగం. చిన్నత్త మా దగ్గరుంటే మామ గని క్వార్టర్సులో ఒక్కడే ఉండేవాడు. రోజూ షిఫ్టు ముగిసి పైకొచ్చాక టైమాఫీసు ఫోను నుంచి మా ఇంటికి ఒక కాల్. చిన్నత్త గూటి వైపు తిరిగి, మాకు వీపు పెట్టి, ఆ మెలికల తీగను వేలికి చుట్టుకుంటూ వినేది. తీగ తెగుతుందని నాయన మొత్తుకున్నా ఆ వేలు ఆగేది కాదు. ఆయన ఏం చెప్పేవాడో నేను స్టూలు కింద దూరి విన్నాను ఒకసారి. ఏమీ లేదు. "పైకొచ్చినాను" అన్నాడు. ఈమె "ఊఁ" అంది. ఇంత దానికా అంత సిగ్గు అని నాకు చిరాకేసింది.

ఆ ఒక్క మాట విలువ నాకు తెలియనిది కాదు, నిజానికి. మా ఊళ్ళో ఉన్నట్టుండి నేల అదిరేది. ఎక్కడో అడుగున బరువుకి రాయి పగిలితే పైన ఊరంతా ఒక్క కుదుపు. దాన్ని ఎయిర్ బ్లాస్టు అనేవాళ్ళు. అటక మీద గిన్నెలు గలగలమనేవి, గోడ సున్నం రాలేది. చిన్నత్త పెళ్ళికి ముందు అది మాకు ఆట. అదరగానే ఏ గిన్నె మొదట పడుతుందో పందెం కాసుకునేవాళ్ళం. పెళ్ళయ్యాక ఆ ఆట మానేశాం, ఆమె పురిటికి వచ్చాక అదిరిన మరుక్షణం మేమంతా చిన్నత్త ముఖం చూడడం నేర్చుకున్నాం. ఆమె గోడ గడియారం చూసేది. షిఫ్టు ముగిసేదాకా, ఫోను మోగేదాకా ఇంట్లో ఎవరికీ ఒక చోట కాలు నిలిచేది కాదు.

దసరా వచ్చింది. ఆయుధపూజ మా ఊళ్ళో అన్నిటికంటే పెద్ద పండగ. పనిముట్లతో బతికే ఊరు కదా. గనుల్లో యంత్రాలకు, బజార్లో త్రాసులకు, వీధిలో జట్కాలకు, అన్నిటికీ పూలదండలు, గంధం, కుంకుమ. కుంకుమ నింపిన బూడిదగుమ్మడికాయలు పగిలి వీధంతా ఎర్రగా ఉండేది. బొరుగులు, పుట్నాలు, బెల్లం కలిపి జేబుల నిండా పోసుకుని తిరిగేవాళ్ళం. అయితే మా బజారు ఇళ్ళల్లో ఒక కట్టుబాటు ఉంది. పూజలో పెట్టిన పనిముట్టుకు ఆ రోజు సెలవు. మర్నాడు విజయదశమి పొద్దున మళ్ళీ పూజ చేసేదాకా దాన్ని ఎవరూ కదపకూడదు. త్రాసు, పడి, సేరు, గోనెలెత్తే కొక్కెం, కత్తిపీట, నాయన సైకిలు, అన్నీ అంతే. కూరగాయలు తెల్లవారకముందే తరిగిపెట్టేది అమ్మ.

ఫోను వచ్చాక అదే మొదటి ఆయుధపూజ. అవ్వ గంధం గిన్నెతో తిన్నగా గూటి దగ్గరికి పోయింది.

"దానికి వద్దు లేమ్మా" అన్నాడు నాయన.

"ఏల వద్దు? నీ అంగట్లో నీకంటే ఎక్కువ పని చేసేది ఇదే గదప్పా. త్రాసుకి పెట్టి దీనికి పెట్టకపోతే అలగదా?"

"తడి తగలకూడదని చెప్పినాడు గదా."

"గంధం తడా? గంధం గంధమే" అని అవ్వ అది ఇంటికొచ్చాక మొదటిసారి దాన్ని ముట్టుకుంది. డయలు చుట్టూ బొట్లు. రిసీవరు వెనక మూడు గీతలు. ఆఖరికి రిసీవరు తిప్పి, మాట్లాడే చోట, చిక్కగా తీసిన గంధం అరచేత్తో నిండుగా పూసింది. అది నోరు కదా, నోటికి తీపి పెట్టినట్టు గంధం పెట్టాలంది. దాని మీద కుంకుమ అద్ది, జాగ్రత్తగా యథాస్థానంలో పెట్టి, చామంతి దండ వేసింది. నిజం చెబుతున్నాను, ఫోను పెళ్ళికూతురిలా ఉంది. నాయన కూడా నవ్వాడు.

నవ్వనిది చిన్నత్త ఒక్కతే. మామకు ఆ రోజు డ్యూటీ పడింది. పొద్దున గనికి పోతూ పోతూ మా ఇంటికి వచ్చి కాఫీ తాగిపోయాడు. "పండగ దినం కూడా భూమిలోకేనా? అందురూ పైన పూజలు చేసుకుంటా ఉంటే నువ్వొక్కడివే దిగాల్నా?" అని ఈమె నిలదీసింది. "నీళ్ళకు తెలుసా పండగని? ఎవురో ఒకరు ఉండాల గదే" అన్నాడాయన. ఈమె ముఖం తిప్పుకుంది. ఆయన గడప దగ్గర కాసేపు నిలబడి, "వచ్చేస్తా" అన్నాడు. ఈమె పలకలేదు. కాఫీ లోటా విసురుగా తొట్టి దగ్గర పడేసింది.

మధ్యాహ్నం ఆకులు వేశారు. ఓళిగల మీద, అదే బొబ్బట్ల మీద, నెయ్యి పోస్తోంది అమ్మ. నేను మొదటి ముక్క తుంచానో లేదో నేల అదిరింది. మామూలు కుదుపు కాదు. అటక మీది గిన్నెలు కాదు, అటకే అదిరింది. అంగట్లో రాగుల బస్తా ఒకటి పక్కకు ఒరిగి పడింది. పెరటి గోడ వైపు మట్టి రాలిన చప్పుడు. పూజలో దీపం కొండెక్కింది.

చిన్నత్త గడియారం చూసింది. మామ పైకి రావడానికి ఇంకా చాలా పొద్దుంది.

అవ్వ లేచి దీపం మళ్ళీ వెలిగించింది. అమ్మ చేతిలో నెయ్యి గిన్నె అలాగే ఉంది. వీధిలో తలుపులు తెరుచుకుంటున్నాయి, ఆడవాళ్ళు బయటికి వచ్చి గని వైపు చూస్తున్నారు. అంతలో ఫోను మోగింది.

చిన్నత్త లేచింది. ఆ నెలలో అంత గబుక్కున లేవకూడదు, అయినా లేచింది.

"ఆగు!" అంది అవ్వ. "పూజలో ఉండాది అది. ముట్టొద్దు."

ఫోను మోగుతోంది. దండలోని చామంతులు సన్నగా అదురుతున్నాయి.

"అమ్మా, ఆయప్పకి ఏమైందో ఏమో!"

"అందుకే చెప్పేది! వాడు భూమిలో ఉండాడు. ఈ గడియలో పూజ చెడిపితే ఆ అరిష్టం ఎవురికి తగుల్తుంది? వానికే గదా. సుమ్మనే ఉండు."

ఆగిపోయింది. అందరం ఊపిరి పీల్చుకునేలోగా మళ్ళీ మొదలైంది. చిన్నత్త నాయన వైపు తిరిగింది. "అన్నా, నువ్వు చెప్పు. నువ్వైనా ఎత్తు." నాయన గూటి దాకా పోయాడు. చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి అలాగే ఉంది. నాకు ఆ వయసులో ఆయన మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఇంత పెద్దమనిషి, ఇన్ని కట్టుబాట్లు చెప్పినవాడు, తల్లి మాట దాటలేక నిలబడిపోయాడనుకున్నాను. ఆయన ఆగింది పూజ కోసం కాదని నాకు నలభై దాటాక తెలిసింది. షిఫ్టు ముగియనిది మామ ఫోను చెయ్యడు. మరి చేస్తున్నదెవరు? నేల అదిరిన కాసేపటికే గని నుంచి ఇంకెవరో చేస్తున్నారంటే ఎందుకు చేస్తారు? నాయన భయపడ్డాడు. ఎత్తనంతసేపూ మామ బతికే ఉంటాడు. అవ్వ భయం కూడా అదేనేమో. దేవుడి పేరు చెప్పుకుంది, అంతే తేడా.

"నేను పోయి కనుక్కొని వస్తా" అని నాయన బయటికి ఉరికాడు. సైకిలు ఎదుటే ఉంది, హ్యాండిలుకు దండతో, చక్రాల కింద నిమ్మకాయలతో. దాని వైపు ఒక్క క్షణం చూసి, పంచె ఎగగట్టుకుని ఉత్త కాళ్ళతోనే గని దారిన పరుగెత్తాడు. వీధిలో ఎవరి సైకిలు అడిగినా అదే సంగతి. ఊళ్ళో చక్రాలన్నీ ఆ రోజు పూజలో ఉన్నాయి.

ఫోను మోగడం, ఆగడం. మళ్ళీ మోగడం. ఆకుల్లో అన్నం చల్లబడుతోంది. తమ్ముడు ఏడుపు మొదలుపెట్టాడు. చిన్నత్త వాకిలికీ గూటికీ మధ్య తిరుగుతోంది, నడుము మీద చెయ్యి పెట్టుకుని. నేను ఆమె వెనకే తిరుగుతున్నాను, ఎందుకో నాకే తెలియదు. అవ్వ దేవుడి ముందు కూర్చుని గట్టిగా ఏదో చదువుతోంది. ఫోను మోత ఎక్కువయ్యేకొద్దీ ఆమె గొంతూ పెరుగుతోంది. నేను చెవులు మూసుకున్నాను. మూసుకున్నా వినిపించింది.

తర్వాత చాలాసేపు మోగలేదు. అది ఇంకా ఘోరం. ఇందాకటి దాకా మోగుతోందని బాధ, ఇప్పుడు మోగడం లేదని. చిన్నత్త స్టూలు మీద కూర్చుని గూట్లోకే చూస్తూ, "పొద్దున నేను పలకలేదు" అంది. నాతోనే అంది. "వచ్చేస్తానన్నాడు. ఊఁ అని కూడా అన్లేదు నేను."

మళ్ళీ మోగగానే ఆమె ఎత్తేసింది. దండ తెగి చామంతులు ఒళ్ళో రాలాయి. "అమ్మా!" అని అవ్వ కేక. అంతలోనే రిసీవరు లోంచి గొంతు మా అందరికీ వినిపించింది. మామ గొంతు. "హలో! హలో! ఎవురు మాట్లాడేది?"

"నేనే! నేనే! యాడుండావు? బాగుండావా?" చిన్నత్త అరుస్తోంది, ఏడుస్తోంది.

"హలో! ఎవురూ? వినపళ్ళేదు. హలో!"

"నేనే అంటా ఉండాను గదా! అందురం బాగుండాం! వినిపిస్తా ఉండాదా?"

"హలో... ఎవురన్నా ఉండారా? ఒక్క మాట చెప్పండి... హలో!"

నేను లాక్కుని అరిచాను. అమ్మ అరిచింది. వీధి చివరి దాకా మా అరుపులు వినిపించి ఉంటాయి. ఆ తీగలో మాత్రం ఒక్కటీ పోలేదు. ఉన్న చిల్లులన్నిటి నిండా గంధం. నా పెదాలకు అంటుకుంది కూడా, చేదుగా, చల్లగా. అవతల మామ గొంతు బొంగురుపోయింది. "దేవుడా" అన్నాడు. లైను తెగింది.

మాకైతే పోయిన ప్రాణం తిరిగి వచ్చింది. ఆయన బతికి ఉన్నాడు, మాట్లాడాడు, చాలు. చిన్నత్త కింద కూలబడి నవ్వుతూ ఏడ్చింది. అవ్వ చేతులు జోడించి, "చూస్తిరా, పూజ కాపాడింది" అంది. రాలిన పూలు ఏరి, రిసీవరును ఊలు గుడ్డతో పట్టుకుని యథాస్థానంలో పెట్టి, మళ్ళీ దానికి దండం కూడా పెట్టింది. అమ్మ చల్లారిన ఓళిగలు పెనం మీద వేసింది. నేను రెండు తిన్నాను. మామ ఏమనుకుని ఉంటాడో అన్నది మాలో ఒక్కరికీ తట్టలేదు. మేము సుఖంగా ఉన్నాం కదా, ఇంక ఎవరికి తడుతుంది?

పొద్దు వాలుతుండగా వాకిట్లో అడుగుల చప్పుడు. మామ. గని బట్టల్లోనే, మోకాళ్ళ దాకా బురద బూట్లతో, నడుముకు దీపం బెల్టు ఇంకా వేలాడుతూ. స్నానం చెయ్యకుండా గని మనిషి ఊళ్ళోకి రావడం నేను చూడ్డం అదే మొదటిసారి. వెనకే రొప్పుతూ నాయన. లోపలికి పోనివ్వక గని గేటు దగ్గరే నిలిచిపోయిన నాయన ఎదురుపడి "అందురూ బాగుండాం" అని చెప్పినా మామ ఆగలేదంట. అంగడి దాటి, రాగుల మీద బురద కాళ్ళతో నడిచి లోపలికొచ్చాడు. మా అందర్నీ ఒక్కొక్కరినే చూశాడు. అవ్వను, అమ్మను, నన్ను, తమ్ముణ్ణి. ఆఖరికి చిన్నత్తను. ఆమె కడుపు వైపు చూశాడు. గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. ఆరడుగుల మనిషి.

అమ్మ నీళ్ళిచ్చింది. తాగలేకపోయాడు.

"ఏమప్పా, ఏమైంది?" అంది అవ్వ.

"పూజ ప్రసాదం తీసుకుందామని అప్పుడే పైకొచ్చినాను అత్తా. అంతలో అదిరింది. ఈ దిక్కునే ఎక్కువ అదిరిందన్నారు, బజారులో గోడలు పడినాయన్నారు. పోయిన తూరి ఈ ఇంటి పెరటి గోడ బీటలిచ్చింది గదా. ఫోను చేసినా. ఎత్తలే. మళ్ళీ చేసినా. ఎత్తలే. పంపుకాడికి దిగి, ఇంగొకరిని నిలబెట్టి, మళ్ళీ వచ్చి చేసినా. ఎత్తినారు, గానీ మాట లే. ఎవురో ఎత్తినారు, మాట్లాడలేకుండా ఉండారు. ఇల్లు మీద పడిందనుకున్నా అత్తా. మట్టి కింద నుంచి ఈమె చెయ్యి ఒకటి బయటికొచ్చి ఎత్తిందనుకున్నా. ఇంగ మాట రాక పోయిందనుకున్నా. అదే కండ్ల ముందర పెట్టుకొని వచ్చినా దావంతా."

చిన్నత్త ఆయన పక్కన కూర్చుంది. మా అందరి ఎదుటే ఆయన బురద చెయ్యి పట్టుకుంది. మా ఇళ్ళల్లో అలా పట్టుకోరు.

కాసేపటికి అవ్వ అడిగింది, నెమ్మదిగా, తప్పు చేసిన పిల్ల అడిగినట్టు. "మీ కంపెనీలో పంపులకు పూజ చేసినాక ముట్టరు గదప్పా?"

మామ తల అడ్డంగా ఊపాడు. "పూజ చేస్తాం అత్తా. ఆపం. తిరగతా ఉండంగానే బొట్టు పెడతాం. ఆపితే కింద ఉండేవాళ్ళు ఏం కావాల?"

అవ్వ లేచింది. మూల నుంచి చీపురు పుల్ల ఒకటి విరిచి తెచ్చుకుని, గూటి కింద స్టూలు లాక్కుని కూర్చుంది. రిసీవరు తీసి ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో చిల్లులోంచి ఎండిపోయిన గంధం తవ్వడం మొదలుపెట్టింది.

"అమ్మా, మళ్ళీ పూజ చేసేది రేపు గదా" అన్నాడు నాయన.

"దేవునికి రేపు నేను చెప్పుకుంటాలే" అంది. కండ్లనీళ్ళు రిసీవరు మీద పడుతున్నాయి. తడి తగలకూడదని ఈసారి ఎవరూ చెప్పలేదు.

పుల్లతో పోయేదేనా అది? లోపలికి దిగిపోయింది. లైన్‌మ్యాన్ వచ్చి, ఆ భాగం విప్పి వేరేది వేసి పోయాడు. ఆ నెలాఖరుకే చిన్నత్తకు కొడుకు పుట్టాడు. ఆసుపత్రి నుంచి ఆ కబురు వచ్చినప్పుడు ఫోను ఎత్తింది అవ్వే. తలకిందులుగా పట్టుకుంది, వినే వైపు మాట్లాడింది, అయినా ఎత్తింది. అప్పట్నుంచి మోగితే ఆమె చెయ్యే ముందు. ఉరుముతుంటే మాత్రం నాయన చెయ్యి పట్టి లాగాల్సి వచ్చేది, అంత తెగింపు వచ్చేసింది ఆమెకు.

తర్వాతి ఆయుధపూజలకు త్రాసుకు గంధం, సైకిలుకు గంధం, కొత్తగా వచ్చిన మిక్సీకి కూడా గంధం. ఫోనుకు లేదు. పొడిగుడ్డతో తుడిచి, ఆ రోజంతా దాని పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేది అవ్వ. భోజనం కూడా అక్కడికే. ఆ ఒక్క మధ్యాహ్నం ఆమె నెత్తిన ఎంత బరువు పెట్టిందో నాకు అప్పుడు తెలియలేదు. ముసలమ్మ చాదస్తం అనుకుని తమ్ముడూ నేనూ నవ్వుకునేవాళ్ళం.

ఆ తర్వాత గనులు మూసేశారు. పంపులు ఆపేశారు, అడుగున నీళ్ళు నిండిపోయాయన్నారు. క్వార్టర్సులు ఖాళీ అయ్యాయి, అంగట్లో బేరం తగ్గింది, మామ మా ఇంటికి దగ్గర్లోనే ఒక గది తీసుకుని మోటార్లు రిపేరు చేసుకుంటూ ఉండిపోయాడు. అవ్వ చూసిన ఆఖరి ఆయుధపూజకు నేను పిల్లల్ని తీసుకుని వెళ్ళాను. ఆమెకు చూపు ఆనడం లేదు, వినికిడి కూడా సగమే. అయినా గూటి పక్కన స్టూలు మీద కూర్చుంది, ఒక చెయ్యి ఫోను మీద వేసుకుని, అది మోగితే అదురు చేతికి తెలుస్తుందని. ఎదురుగా మామ బొరుగులు తింటున్నాడు. చిన్నత్త ఆయన పక్కనే ఉంది. వాళ్ళ కొడుకు బెంగళూరు నుంచి వచ్చి పడసాలలో నిద్రపోతున్నాడు. అడుగున మా మనిషి ఒక్కడూ లేడు.

"అందురం ఈడనే ఉండాం గదత్తా" అన్నాడు మామ, గట్టిగా, ఆమెకు వినపడేట్టు. "ఇంగ ఎవురు చేస్తారని కూర్చోనుండావు?"

అవ్వ చెయ్యి తియ్యలేదు.

"మనోళ్ళే చెయ్యాల్నా అప్పా?" అంది. "ఆ పక్క ఎవురో ఒకరు ఉంటారు."